పీర్ల పండుగ: దాని అర్థము, ఆచారములు

(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాలలో పీర్ల కొట్టము లేని ఊరు అరుదు. కొన్ని ఊళ్లలో దానిని పీర్ల చావిడి యందురు. పట్టణములలో ఆశుర్‌ఖానా యందురు. పేరేదైనను అది మసీదు కాదు, గుడియు కాదు. ఏడాదిలో ఎక్కువ కాలము తలుపు మూసియుండు చిన్న కట్టడము. మొహర్రము నెల వచ్చినప్పుడు ఆ తలుపు తెరువబడును. ఊరంతయు దాని ముందట చేరును. ముస్లిముల గడపలు రెండో మూడో ఉన్న ఊళ్లలో సైతము ఈ పండుగ జరుగుచున్నది. ముస్లిములు బొత్తిగా లేని ఊళ్లలో హిందువులే పీర్లను నిలుపుటయు కలదు.

ఈ పండుగ ఎట్లు చేయుదురని అడిగినచో పదేండ్ల పిల్లవాడును చెప్పగలడు. ఎందుకు చేయుదురని అడిగినచో పెద్దలు సైతము తడుముకొందురు. ఆచారము మిగిలి అర్థము మరుగుపడినప్పుడు, ఆ ఆచారమును నిలుపుకొనుట కష్టము. ఎవరైన వచ్చి, "ఇది మీది కాదు, మానుడు" అని చెప్పినచో బదులు చెప్పుటకు మాట దొరకదు. కావున ఈ దినము మీతో మూడు విషయములు మాటలాడ దలచితిని: ఈ పండుగకు మూలమైన కథ ఏది, మన ఊళ్లలో దాని ఆచారములు ఎట్లేర్పడినవి, నేటి కాలమున దానిని ఎట్లు జరుపుకొనవలెను.

కాలము తిరుగు పండుగ

ముందుగా ఒక చిన్న సందేహమును తీర్చుకొందము. ఈ పండుగ కొన్నేండ్లు వానాకాలమునను, కొన్నేండ్లు ఎండకాలమునను, మరి కొన్నేండ్లు చలికాలమునను వచ్చును. 2023లో జూలై 29న, 2024లో జూలై 17న, 2025లో జూలై 6న పదవనాటి ఉత్సవము జరిగెను. ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగుచున్నది. దీనికి కారణము లెక్కలోనే కలదు. పన్నెండు చాంద్రమాసములు కలిపినచో సుమారు 354 దినములు మాత్రమే యగును. మన పంచాంగమునందును నెలలు చంద్రుని బట్టియే వచ్చును గాని, దాదాపు మూడేండ్లకొకసారి అధికమాసము చేర్చి ఋతువులతో సరిపెట్టుదురు. హిజ్రీ లెక్కలో అధికమాసము లేదు. అందువలన ఆ పండుగలు సుమారు 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. తొలకరి దుక్కులనాడు పీరు నెత్తిన యువకుడు, నడివయస్సు దాటునప్పటికి వరికోతలనాడును, మండుటెండలోను కూడ అదే పీరు నెత్తియుండును.

మొహర్రము హిజ్రీ సంవత్సరమునకు మొదటి నెల. యుద్ధము చేయరాదని నిషేధింపబడిన నాలుగు పవిత్ర మాసములలో ఇది యొకటి. అట్టి నెలలోనే మనము చెప్పుకొనబోవు ఘోరము జరిగెను.

కర్బలా కథ

ముహమ్మదు ప్రవక్త కుమార్తె ఫాతిమా. ఆమె భర్త అలీ. వారి కుమారులు హసన్, హుస్సేన్. మన పల్లె పాటలలో ఆశన్న, ఊశన్న యను పేర్లతో పిలువబడు అన్నదమ్ములు వీరే. పెద్దవాడైన హసన్ 670లో మరణించెను. 680లో డమాస్కసు నేలుచుండిన మువావియా చనిపోగా, అతని కుమారుడు యజీదు అధికారమునకు వచ్చెను. తనకు విధేయత ప్రకటింపవలసినదని అతడు హుస్సేనును నిర్బంధించెను. చేతిలో చేయి వేసి విధేయత ప్రకటించుటను అరబ్బీలో బైఅత్ అందురు. యజీదు నడవడి అధర్మమని తలచిన హుస్సేను అందుకు సమ్మతింపలేదు. మదీనా విడిచి మక్కాకు పోయెను.

ఇరాకు దేశమునందలి కూఫా పట్టణవాసులు, "మీరు వచ్చి మాకు నాయకత్వము వహింపుడు" అని ఆయనకు లేఖలు వ్రాసిరి. నిజమేమో తెలిసికొనుటకు తన పెదతండ్రి కుమారుడగు ముస్లిం బిన్ అఖీలును పంపెను. మొదట వేలకొలది జనము ముస్లిము చుట్టు చేరిరి. కొత్త అధికారి ఉబైదుల్లా ఇబ్న్ జియాదు వచ్చి బెదిరింపగనే ఆ జనమంతయు చెదరిపోయెను. ముస్లిము చంపబడెను. ఆ వార్త చేరునప్పటికే హుస్సేను స్త్రీలతో, పిల్లలతో, కొద్దిమంది అనుచరులతో ఎడారి దారిని బయలుదేరియుండెను.

త్రోవలో హుర్ అను సేనాని వేయిమంది రౌతులతో వచ్చి అడ్డగించెను. ఆ సైనికులు, వారి గుఱ్ఱములు ఎండలో దప్పికతో సోలిపోయి యుండిరి. హుస్సేను తన తిత్తులలోని నీటిని విప్పించి, తన్ను పట్టుకొనుటకు వచ్చిన ఆ మనుష్యులకును, గుఱ్ఱములకును త్రాగనిచ్చెను. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. దీని పని ముందు కలదు.

మొహర్రము రెండవనాడు ఆయన పరివారము కర్బలా యను మైదానమున దిగెను. యూఫ్రటీసు నది చేరువనే పారుచున్నది. ఉమర్ ఇబ్న్ సాద్ నాయకత్వమున వేలకొలది సైన్యము వచ్చి చుట్టుముట్టెను. ఏడవనాటినుండి నదికి పోవు దారిని మూసివేసిరి. కంటికి కనబడుచున్న నీరు పసిపిల్లల నోటికి అందలేదు. మూడు దినములు గడచినవి. విధేయత ప్రకటించిన క్షణముననే దారి తెరచుకొని యుండెడిది. హుస్సేను ఆ మాట పలుకలేదు.

పదవనాటి ఉదయమున హుర్ తన పక్షమును విడిచి, గుఱ్ఱము త్రోలుకొని హుస్సేను వైపు వచ్చెను. ఓటమి నిశ్చయమని తెలిసియు వచ్చి, ఆ దినముననే ప్రాణములు విడిచెను. హుస్సేను పక్షమున పోరాడినవారు 72 మంది యని సంప్రదాయము. జెండా మోసిన తమ్ముడు అబ్బాసు, నీటి తిత్తితో నదికి పోయి తిరిగివచ్చుచు రెండు చేతులును తెగి పడిపోయెను. హసను కుమారుడు కాసిము, ఇంకను బాలుడే, మరణించెను. ఆరు నెలల పసివాడు అలీ అస్గరు దప్పికతో అలమటించుచు బాణము తగిలి తండ్రి చేతులలోనే కన్నుమూసెను. చివరకు హుస్సేనును వధించిరి. అది హిజ్రీ 61వ సంవత్సరము మొహర్రము పదవ తేదీ. క్రీస్తు శకము 680 అక్టోబరు 10. చెల్లెలు జైనబును, జబ్బుపడి యుద్ధమునకు దిగలేకపోయిన కుమారుడు జైనుల్ ఆబిదీనును, తక్కిన స్త్రీలను, పిల్లలను బందీలుగా డమాస్కసునకు కొనిపోయిరి. జైనబు ఆ కొలువులో నిలువబడి యజీదును నిలదీసి మాటలాడెను. ఆ కథ లోకమునకు తెలియుటకు ఆమె ధైర్యమే ముఖ్య కారణము.

ఇదియే పండుగకు మూలము. కావున ఇది సంతోషదినము కాదు, స్మరణదినము. అరబ్బీలో పదవ దినమును ఆశురా యందురు. ఆశుర్‌ఖానా యనగా ఆ పదవనాటి స్మరణకై కట్టిన ఇల్లు.

తెలుగు నేలకు ఎట్లు వచ్చెను

1518 ప్రాంతమునుండి 1687 వరకు గోలకొండ నేలిన కుతుబ్‌షాహీలు షియా మతమువారు. హుస్సేను స్మరణ వారికి ప్రాణప్రదము. హైదరాబాదు నగరమును 1591లో నిర్మించిన ముహమ్మదు కులీ కుతుబ్‌షా, కొద్ది యేండ్లకే చార్మినారునకు చేరువగా బాద్షాహీ ఆశుర్‌ఖానాను కట్టించెను. రంగురంగుల పింగాణి పలకలతో అలంకరింపబడిన దాని గోడలను నేటికిని చూడవచ్చును. ఆయన స్వయముగా దక్కనీ భాషలో శోకగీతములు రచించెను. హైదరాబాదులో దబీర్‌పురానుండి చాదర్‌ఘాటు వరకు ఏనుగు మీద సాగు బీబీ కా అలము ఊరేగింపు ప్రసిద్ధమైనది.

ఈ ప్రభువులే తెలుగును ఆదరించిరి. ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. అచ్చతెనుగులో వెలసిన పొన్నికంటి తెలగనార్యుని యయాతిచరిత్రము పటాన్‌చెరువునకు చెందిన అమీన్‌ఖానునకు అంకితము. రాజునకు ప్రజల భాష దగ్గరయైనట్లే, ప్రజలకు రాజు యొక్క స్మరణదినమును దగ్గరయ్యెను. తరువాత వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలైనను మొహర్రము సంప్రదాయమును ఆదరించిరి. కోటలోని ఆచారము పేటకు, పేటనుండి పల్లెకు ప్రాకెను. పల్లెలో అది పల్లె రూపమును తాల్చెను.

మన ఊళ్లలోని ఆచారములు

పీరు అను మాట ఫారసీ భాషది. పెద్ద, గురువు అని అర్థము. కొట్టములో నిలుపు లోహపు గుర్తులకు అసలు పేరు అలము, అనగా జెండా. కర్బలాలో అబ్బాసు మోసిన జెండాకు ఇవి ప్రతిరూపములు. వెండితోనో ఇత్తడితోనో చేసి పొడవైన కర్రకు బిగింతురు. కొన్ని అరచేతి ఆకారమున ఉండును. దానిని పంజా యందురు. అయిదు వ్రేళ్లు ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుస్సేన్ అను అయిదుగురిని సూచించునని చెప్పుదురు. ఊరూర పీర్లకు వేర్వేరు పేర్లుండును: హుస్సేను పీరు, కాసిము పీరు, మౌలాలి పీరు, బీబీ ఫాతిమా పీరు.

ఆచారము ఊరూర కొంత మారును. సాధారణముగా జరుగు క్రమమిది. నెలపొడుపు కనబడగానే కొట్టము ముందట గుద్దలితో నేలను త్రవ్వి గుండము తీయుదురు. దీనినే అలావా యందురు. కొట్టమునకు సున్నము కొట్టుదురు. పెట్టెలో భద్రపరచిన పీర్లను తీసి, తోమి, కర్రలకు కట్టి, రంగు వస్త్రములు చుట్టి నిలుపుదురు. ముజావరు ఊదు వేసి ఫాతెహా చదువును. పెక్కు ఊళ్లలో ఈ ముజావరు దూదేకుల కుటుంబమువాడు. అతని ఇంటి భాష మనవలెనే తెలుగు.

అప్పటినుండి సాయంకాలమున జనము వచ్చి మ్రొక్కులు చెల్లింతురు. పీరునకు దట్టి కట్టుదురు. పూలదండలు, కుడుకల దండలు వేయుదురు. గోధుమ రొట్టెను నలిపి బెల్లము కలిపి చేసిన మలీదను, బెల్లపు షర్బత్తును తెచ్చి ఫాతెహా చదివించి పంచుదురు. కొందరు మ్రొక్కుబడి ప్రకారము ఫకీరులై ఇల్లిల్లు తిరిగి బిచ్చమెత్తుదురు. భూమి గల రైతు సైతము ఆ పది దినములు చేయి చాచవలసినదే. పులివేషములు వేయువారును కలరు. రాత్రి గుండములో మంట వేసి, దాని చుట్టు వలయముగా తిరుగుచు పాడుచు ఆడుదురు. ఆ పాటలు ఆశన్న ఊశన్నల కథను తెలుగులో చెప్పును. కర్బలా యెక్కడ, పాలమూరు ఎక్కడ! అయినను ఆ పాట వినుచు ఏడ్చిన తల్లులను ఈ జిల్లాలలో ఎందరినో చూడవచ్చును.

తొమ్మిదవనాటి రాత్రి ముఖ్యమైనది. ఆ రాత్రి ఎవరును నిద్రింపరు. పీర్లను ఎత్తుకొని వీధులు తిరుగుదురు. తెల్లవారుజామున కొన్ని ఊళ్లలో నిప్పుల గుండము త్రొక్కుదురు. పదవనాడు సవారి బయలుదేరును. గడప గడపన కడవలతో నీళ్లు ఆరబోసి, పీరు నెత్తినవాని కాళ్లు కడుగుదురు. చివరకు చెరువునకో, వాగునకో, బావికో చేర్చి, అక్కడ పీర్లను విప్పి కడిగి, ముఖము కప్పి, మౌనముగా తిరిగి తెచ్చి పెట్టెలో ఉంచుదురు. వచ్చునప్పుడు ఉన్న డప్పు తిరిగి పోవునప్పుడు ఉండదు. శవమును సాగనంపి వచ్చిన ఇంటివలె ఊరు నిశ్శబ్దమగును.

ఈ పండుగ మన ఊళ్ల పేర్లలోనికి, మాటలలోనికి ప్రవేశించినది. పీరయ్య, పీరమ్మ, ఫకీరయ్య, హుస్సేనమ్మ, సైదులు, సైదమ్మ అను పేర్లు గల హిందువులు ఈ ప్రాంతమున వేలకొలది కలరు. బిడ్డ నిలువని తల్లి మ్రొక్కుకొని పెట్టిన పేర్లవి. పాలకీడు మండలములోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సు ఏటేట జనవరి నెలలో జరుగును. అక్కడ కందూరు చేయుటకు వచ్చువారిలో హిందువులు ముస్లిములు అను భేదము కానరాదు. మహబూబ్‌నగరు చెంతనున్న పిల్లలమఱ్ఱి ఊడల నీడలో ఒక ముస్లిము మహాత్ముని సమాధి కలదు. రాయలసీమలో అనంతపురము జిల్లాలోని గూగూడు గ్రామమున కుళ్లాయిస్వామి పేర జరుగు మొహర్రమునకు దూరదేశములనుండి జనము వచ్చును. కావున మన ఊళ్లలోని ఈ ఆచారము ఒంటరిది కాదు.

అందరును ఒకే తీరుగా తలపరు

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. ముస్లిములందరును ఈ దినమును ఒకే విధముగ పాటింపరు. షియాలు నల్లదుస్తులు ధరించి, శోకగీతములు చదువుచు, రొమ్ము బాదుకొందురు. సున్నీలలో పెక్కుమంది ఆశురానాడు ఉపవాసముందురు. ఫిరౌను బారినుండి మూసా ప్రవక్తయు ఆయన ప్రజలును బయటపడిన దినము అదియే యని వారి సంప్రదాయము. అలములు నిలిపి మ్రొక్కుట, నిప్పులు త్రొక్కుట ఇస్లాము బోధకు సరిపడవని చెప్పు ముస్లిము పండితులు కలరు. వారికి హుస్సేను పట్ల భక్తి తక్కువ యని అనుకొనరాదు. స్మరించు మార్గము వేరు, అంతే.

ఇటు హిందువులలోను, "మనము పీరు నెత్తనేల?" అనువారు బయలుదేరినారు. ఈ రెండు వైపుల మాటలును నేడు ఊళ్లలో వినబడుచున్నవి. అందువలన కొన్నిచోట్ల కొట్టము తలుపు తెరచుకొనుట లేదు. మరి కొన్నిచోట్ల ముజావరు కుటుంబము బ్రతుకుతెరువునకు నగరము చేరినది. పీర్లపెట్టె ఎవరింటనో అటక మీద నున్నది. పాటలు వచ్చిన ముసలివారు ఒక్కొక్కరు కన్నుమూయుచున్నారు. వలసపోయిన పాలమూరు కూలీలకు ఊరికి తిరిగివచ్చుటకు ఉన్న కొద్దిపాటి కారణములలో ఈ పండుగ యొకటి. అదియు పోయినచో ఆ కుటుంబములకు ఊరితో గల ముడి మరికొంత వదులగును.

ఈ విషయమున ప్రభుత్వము ఏ మతమువారికిని ఇట్లు మ్రొక్కుడని గాని, మ్రొక్కవలదని గాని చెప్పదు. రాజ్యాంగము 25వ అధికరణము ప్రతి పౌరునకు తన అంతఃకరణము ప్రకారము నడచుకొను స్వేచ్ఛనిచ్చినది. ఇష్టము లేనివానిని గుండము చుట్టు త్రిప్పరాదు. ఇష్టపడి వచ్చినవానిని ఆపరాదు. దట్టి కట్టనివాడు ఊరికి శత్రువు కాడు. కట్టినవాడు తన మతమునకు ద్రోహి కాడు. నేను ఈ జిల్లాలలో చూచినంతవరకు, తగవు వచ్చునది భక్తి వలన కాదు. ఏ వీధినుండి సవారి పోవలెను, ఏ వేళకు పోవలెను, చందా ఎవరు వసూలు చేయవలెను అను మూడు ప్రశ్నల వలననే వచ్చును. ఈ మూడింటిని నెలపొడుపునకు ముందే, అన్ని పేటలవారు కూర్చున్న సభలో తీర్మానించి వ్రాసికొనినచో తగవు సగము తీరినట్లే. అదే వారమున బోనాలో, జాతరయో, వినాయక చవితియో కలిసివచ్చిన సంవత్సరములలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

నీటిని గురించి ఒక మాట

ఇప్పుడు హుర్ సైనికులకు హుస్సేను నీరు పోయించిన సంగతిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కర్బలా కథలో రెండు పక్షముల తారతమ్యమును తెలుపుటకు ఇంతకు మించిన కొలత లేదు. ఒకరు శత్రువునకు, శత్రువు గుఱ్ఱమునకు నీరు పోసిరి. మరియొకరు పసిబిడ్డకు నీరు నిరాకరించిరి. మన ఊళ్లలో గడప గడపన నీరు ఆరబోయుట, షర్బత్తు పంచుట, ఈ కొలతను ఏటేట గుర్తు చేయుటకే.

నీటి విలువ ఈ మెట్టప్రాంతములవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కృష్ణానది మన దక్షిణపు సరిహద్దున పారుచున్నను, పై భూములకు ఆ నీరు ఎక్కక తరతరములు వానదేవుని వైపు చూచినవారము మనము. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన కుటుంబములెన్నియో కలవు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఇటీవలి కాలమున నల్లా నీరు ఇండ్లకు చేరినది. నీరు వచ్చుటకు ఇంత కాలము పట్టిన నేలమీద, వచ్చిన నీటిని అందరికి సమముగా అందనిచ్చుట మన బాధ్యత.

కావున అడుగుచున్నాను. ఏ ఊరిలోనైనను బావి వద్దగాని, నల్లా వద్దగాని, టీకొట్టు వద్దగాని, ఒక పేటవారిని దూరముగా నిలిపి, వారికి వేరు గ్లాసు ఉంచు ఆచారము మిగిలియున్నచో, ఆ ఊరు మొహర్రము పండుగ చేసిన ఫలమేమి? పీరు ముందు డప్పు కొట్టువాని చేతి దెబ్బ కావలెను గాని, ఆ చేయి తాకిన కడవ పనికిరాదా? రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 1955లో దానిని నేరముగా శిక్షించు చట్టమును, 1989లో మరింత కఠినమైన చట్టమును వచ్చినవి. చట్టము భయముతో చేయవలసిన పనిని, హుస్సేను పేర షర్బత్తు పంచు ఊరు ఇష్టముతో చేయవచ్చును. ఆ పది దినములు షర్బత్తు కుండను దళితవాడ చివరనుండి పంచుట మొదలిడి ఊరి నడిమికి తెండు. అందరును అదే గ్లాసుతో త్రాగుడు.

జాగ్రత్తలు

ఇక పండుగ నిర్వహణను గురించి కొన్ని సూచనలు. గుండము చుట్టు నాలుగైదు గజముల దూరమున త్రాడు కట్టి, పిల్లలను దాని వెలుపలనే ఉంచవలెను. గడ్డివాములకు, పూరిండ్లకు, విద్యుత్తు తీగలకు దూరముగా గుండము తీయవలెను. సవారి కర్రలు పొడవైనవి. వీధిలో వ్రేలాడు తీగలను ముందుగా విద్యుత్తు సిబ్బందికి చూపవలెను. నీటి పీపాలు, ఇసుక ప్రక్కనే ఉండవలెను. నిప్పు త్రొక్కుట ఎవరి ధైర్యమునకును పరీక్ష కాదు. త్రొక్కుమని ఎవరినిని పురికొల్పవలదు. మద్యము సేవించి గుండము చెంతకు వచ్చుట ప్రాణాపాయము. పైగా అది ఈ స్మరణకు అవమానము. ఎవరికైన కాలినచో సిరా, పేడ, వెన్న పూయక, చల్లని నీటి ధార క్రింద ఇరువది నిమిషములైన ఉంచి, శుభ్రమైన గుడ్డ కప్పి, 108 వాహనమును పిలువవలెను.

పీర్లను కడుగుటకు చెరువునకు దిగునప్పుడు ఈతవచ్చినవారే ముందుండవలెను. వానాకాలపు వాగులో దిగవలదు. గట్టుననే కడవలతో కడుగవచ్చును. పూలదండలు, ప్లాస్టికు సంచులు నీటిలో వేయక ఒకచోట ప్రోగుచేయవలెను. ఆ చెరువు నీరే రేపు మన పశువులు త్రాగును.

కొట్టములకు మరమ్మతు చేయుటకు ముందు ఒక సంగతి తెలిసికొనుడు. పెక్కు ఆశుర్‌ఖానాలు వక్ఫు ఆస్తులుగా గెజెట్టునందు నమోదైయున్నవి. ముజావరునకు, వక్ఫు బోర్డునకు తెలిపి, పంచాయతితో కలిసి పని చేసినచో తరువాత చిక్కులుండవు. స్థలము ఖాళీగా నున్నదని ఆక్రమించుట నేరము.

వచ్చు మొహర్రమునకు ఇంకను వ్యవధి కలదు. ఈలోగా మీ ఊరి కొట్టము పైకప్పును ఒకమారు చూడుడు. పీర్లపెట్టె ఎవరి వద్ద నున్నదో కనుగొని, ఏమేమి కలవో జాబితా వ్రాసికొనుడు. పాత వెండి పీర్లు దొంగల పాలు కాకుండ కాపాడుడు. పాటలు వచ్చిన ముసలివారి యొద్ద ఊరి పిల్లలను నలుగురిని కూర్చుండబెట్టుడు. చేతిలోని ఫోనులో ఆ పాటను పట్టి ఉంచుడు. ఆ పిల్లలు "ఆశన్న ఎవరు, ఊశన్న ఎవరు?" అని అడిగినచో, ఈ దినము మీరు విన్న కథను వారికి చెప్పుడు. అందులో హుర్ గుఱ్ఱములకు నీరు పోసిన భాగమును మాత్రము విడువవలదు.